ఎడమ చెవి వెనక ఆకుపచ్చ చుక్క

నన్ను ఊర్లల్లో "సూదుల సేటు" అని పిలిచేటోళ్లు. సేటు ఎందుకంటే మాది మోత్కూర్‌లో కిరాణా దుకాణం. సూదులు ఎందుకంటే గొర్లకు, మేకలకు, బర్లకు సూదులు ఏసుకుంటనే నేను ముప్పై ఏండ్లకు పైగా బతికిన. పశువుల దవాఖానలో అసిస్టెంటు నౌకరి. దుకాణం మా అన్నకు పోయింది, నౌకరి నాకొచ్చింది. లాభపడ్డది ఎదుటోడే అని ఇద్దరం ఇప్పటికీ అనుకుంటం.

పోయిన నెల మా డాక్టరమ్మ ఫోన్ చేసింది. "కొత్త పిల్లలు నౌకరిలో చేరిండ్రు. వాళ్లకు పనికొచ్చేది ఏమన్న రాసియ్యండి సేటు గారూ. ప్రమోషన్ల సంగతి వద్దు. మీకొచ్చింది ఒకటే, అది గూడ లేటుగ" అన్నది. రాసుడు ఉత్తగనేనా అని అడిగిన. ఉత్తగనే అన్నది. కనీసం చాయ్ అన్న పోయిస్తరా అన్న. చాయ్ దగ్గర బేరం తెగింది.

కాబట్టి ఒక్క చాయ్‌కి సరిపడేంత రాస్తున్న. సూది ఎట్ల ఏయాల్నో మీకు ట్రైనింగుల చెప్పే ఉంటరు. ఎవరూ చూడని కాడ గూడ మనిషి సూది సక్కగ ఎందుకు ఏస్తడు, ఎందుకు ఏయడు అన్నది నాకు ఎవరూ చెప్పలే. నేను తప్పు చేసి తెలుసుకున్న. ఆ తప్పుకు పైసలు నేను కట్టలే, ఒక కురుమ ఆడామె గొర్లు కట్టినయ్.

దుకాణం బుద్ధి

చిన్నప్పుడు బడి నుంచి రాంగనే నా జాగా దుకాణంలో బస్తాల మీద. అక్కడ కూసోని నేను నేర్చుకున్న ముఖ్యమైన చదువు ఒక్కటే: ప్రతి మనిషికీ ఏదో ఒకటి కావాలె. అది ఏందో కనిపెడితే సగం బేరం అయిపోయినట్టే. మా అన్నకన్న నాకు ఈ విద్య ఎక్కువ వచ్చిందని నా గట్టి నమ్మకం. కాడెద్దులు అమ్మేటోని ముఖం చూసి, వాడు ఇయ్యాల అమ్ముకొనే పోతడా, తోలుకొని ఇంటికి పోతడా చెప్పేటోణ్ణి.

మా బాపుకు మాత్రం ఒక వింత అలవాటుండె. వచ్చిన ప్రతి ఆడామెనూ అడిగేటోడు: "అక్కా, మొన్న తీస్కపోయిన పప్పు ఉడికిందా?" ఉడికింది అంటే తల ఊపేటోడు. లేదంటే ఆ బస్తా మూతి కట్టి పక్కకు పెట్టేటోడు. ఇదంతా గిరాకీని పట్టుకునే మాటలని నేను అనుకునేటోణ్ణి. గొప్ప ఉపాయం బాపూ అంటే, ఆయన నా దిక్కు ఎడ్డోణ్ణి చూసినట్టు చూసిండు. ఎందుకట్ల చూసిండో తెల్సుకునేసరికి నాకు నెత్తి నెరిసింది.

ఖాళీ సీసాల సారు

నౌకరి మొదట్లో నాకు ఒక సారు ఉండె. మనుషుల మీద నమ్మకం లేని మనిషి. టీకాలకు పోయినోళ్లు సాయంత్రం ఖాళీ సీసాలన్నీ తెచ్చి ఆయన బల్ల మీద నిలబెట్టాలె. ఆయన పెన్ను పట్టుకొని ఒక్కొక్కటే లెక్కబెట్టేటోడు. సీసాలు సరిపోతే పని అయినట్టు.

మేం ఏం చేసినమో మీరు ఊహించుకోవచ్చు. దూరం గుట్టలల్ల ఉన్న మందల కాడికి పోకుండ, మిగిలిన మందు కంప చెట్టుకు పోసి సీసాలు తెచ్చేటోళ్లం. ఆ ఏడాది మా మండలంలో కంప చెట్లకు ఏ రోగమూ రాలే.

అప్పుడే అనుకున్న, నాకు పెత్తనం వస్తే ఇట్ల భయపెట్టి పని చేయించను, ఆశ చూపి చేయిస్త అని. భయం కన్న ఆశ మంచిదే. కాని సారు లెక్కబెట్టింది సీసాలను. నేను దేన్ని లెక్కబెడ్తనో అప్పుడు ఆలోచించలే.

మిక్సీ

తెలంగాణ వచ్చినంక ఊర్లల్ల గొర్లు పెరిగినయ్. సర్కారు మందలు పంచింది, ఉన్నోళ్లు ఇంకిన్ని పెంచుకున్నరు. మాకు మాత్రం చేతులు అన్నే. ఎండకాలం అయిపోయే లోపల పారుడు రోగానికి టీకాలు ఏయాలె. వానలు పడ్డంక ఆ రోగం వచ్చిందంటే గొర్రె ముక్కు కారుతది, పారుకుంటది, మూడు నాలుగు రోజులల్ల పడిపోతది.

అప్పటికి నేను ఆ పనికి పెద్దను. నా కింద ఆరుగురు. అందర్ల సైదులు అని ఒకడు ఉండె. కాంట్రాక్టు మీద చేసేటోడు, ముప్పై ఐదేండ్లుంటయ్. చేతి వాటం చూస్తే ముచ్చటైతది. గొర్రెకు సూది పడ్డట్టు తెలిసేలోపల ఇంకో గొర్రెను పట్టేటోడు.

నా దుకాణం బుద్ధి పని చేసింది. మా అన్న దుకాణం పక్కన గిన్నెల షాపుల ఒక మిక్సీని గంటసేపు బేరం చేసి కొన్న. దవాఖాన గోడకు ఒక అట్ట కట్టి రాసిన: ఈ వారం ఎక్కువ గొర్లకు టీకాలు ఏసినోళ్లకు మిక్సీ.

అబ్బో, ఏం పని చేసిండ్రు! పొద్దుగాల ఐదింటికే బండ్లు బయల్దేరుతున్నయ్. చాయ్‌లు లేవు, ముచ్చట్లు లేవు. నేను అరుగు మీద కూసోని, మనుషులను నడిపించుడు ఇంత అల్కనా అని మీసం దువ్వుకున్న.

సైదులు గెలిచిండు. మిక్సీ డబ్బా బండి ముందర పెట్టుకొని ఇంటికి పోతుంటే బజారంతా చూసింది. తెల్లారి వచ్చి, "సార్, మా ఆమె అల్లం పేస్టు చేసింది. మూడేండ్ల సంది అడుగుతుండె" అన్నడు. వాని ముఖం చూస్తే నాకే సంబురమైంది.

పొద్దటి మందలు, పగటి మందలు

వానలు పడ్డయ్. పదిహేను రోజులు కాలే, బిక్కేరు వాగు అవతలి ఊరి నుంచి కబురొచ్చింది. పారుడు రోగం. మేం టీకాలు ఏసిన ఊరే అది.

అప్పుడే కొత్తగా వచ్చింది మా డాక్టరమ్మ. నేను ముందుగాల్నే బేరానికి రెడీ అయిన. "మందే మంచిది కాదేమో మేడం, కంపెనీ తప్పేమో" అన్న. ఆమె ఇనలే. ఎవరు ఏసిండ్రు అని గూడ అడగలే. గోలీల డబ్బా అట్ట చింపి, వెనక ఊరి బొమ్మ గీసి అడిగింది: "ఏ మంద కాడికి ఎన్నింటికి పోయిండ్రు?"

అందరినీ అడిగి ఒక్కో మందకు టైము రాసుకుంట పోయినం. రాసినంక నేనే చూడలేకపోయిన. ఆరు, ఏడు గంటలకు ఏసిన మందలు నిక్షేపంగ ఉన్నయ్. పన్నెండు దాటినంక ఏసినవే పడిపోతున్నయ్.

కొత్తోళ్లకు చెప్త, గుర్తుపెట్టుకోండి. ఈ టీకా పొడి లెక్క వస్తది. చల్లని నీళ్లల్ల కలిపినంక ఐసు మీదనే ఉండాలె, గంట రెండు గంటలల్ల అయిపోవాలె. ఎండ తగిలితే మందు సచ్చిపోతది. చూస్తే ఏం తేడా తెల్వదు. సచ్చిన మందు గూడ సూదిలకు అట్లనే ఎక్కుతది, గొర్రె గూడ అట్లనే అరుస్తది.

సైదులు మూలకు నిలబడి ఉండె. "ఒక్కో సీస మాటిమాటికి కలుపుతుంటే లేటయితాందని, పొద్దుగాలనే అన్నీ కలిపి సంచిల ఏసుకున్న సార్" అన్నడు. అంతే అన్నడు.

డాక్టరమ్మ వానిని తిట్టలే. గోడ మీద ఇంకా ఏలాడుతున్న నా అట్ట దిక్కు చూసింది. నేను పోయి దాన్ని తీసి మడత పెట్టుకున్న.

ఉప్పు ఇటుకలు

ఆ ఊర్లో పెద్ద దెబ్బ తగిలింది మల్లమ్మకు. అరవైకి దగ్గర్ల ఉంటది. భర్త లేడు. కొడుకు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ కాడ లారీ తోల్తడు, వాని బతుకు వానిది. ఈమెకు మందే అన్నీ. మందలో సగం ఊరి దొడ్లో ఉండె, రోగం తగిలింది వాటికే. ఈనిన గొర్లు, పిల్లలు పొలం కాడ వేరే దొడ్లో ఉన్నయ్. వాటికి ఇంకా సోకలే. కాని వాటికి ఏసింది గూడ ఆ సచ్చిన మందే. రెండు మూడు రోజులల్ల మంచి టీకా పడకుంటే అవి గూడ దక్కవు.

మల్లమ్మ ఒప్పుకోదు. ఆమె ఒప్పుకోకుంటే ఊర్లో ఏ గొల్లాయనా, కురుమాయనా దొడ్డి తలుపు తీయడు. గొర్ల సంగతిల అందరూ ఆమె మాటే ఇంటరు.

నేను బండికి రెండు సంచులు కట్టుకున్న. ఒక దాంట్ల కడుపుల పురుగులకు పోసే నట్టల మందు సీసాలు, ఇంకొక దాంట్ల గొర్లు నాకే ఉప్పు ఇటుకలు. సైదులును రావొద్దన్న. వాడు వెనక ఎక్కి కూసుండు.

మల్లమ్మ దొడ్డి ముందర గొంగడి ఏసుకొని కూసోని ఉన్నది, చుట్టూ ఊరోళ్లు నిలబడ్డరు. నేను పక్కన కూలబడి, జబ్బు సంగతి ఎత్తకుండ వానల సంగతి ఎత్తిన. బేరంలో అది మొదటి మెట్టు. తర్వాత సంచులు ఇప్పిన.

"అక్కా, ఇవన్నీ నీకే. రూపాయి ఇయ్యకు."

ఆమె ఇటుకను చేతిలకు తీసుకొని తిప్పి చూసింది. "సేటూ, పోయిన యాడాది గీ ఇటుక ఒక్కటి ఇయ్యమంటె స్టాకు లేదంటివి. ఇయ్యాల సంచెడు తెస్తివి. ఏం తప్పు చేసినవో ముందు గది చెప్పు."

నా కాడ రకరకాల మాటలు తయారుగనే ఉండె: ఎండలు ఎక్కువ, రోగం గట్టిది, దేవుని దయ. వాటిలో ఏది ముందు తీద్దామా అని చూస్తుంటే, వెనక నుంచి సైదులు అన్నడు:

"అక్కా, మందు ఎండకు చెడిపోయింది. చెడిపోయినంక ఏసిన. నేనే."

నా బేరం అక్కడ్నే మునిగింది. ఆమె ఇటుకను సంచిల పడేసి వానిని చూసింది.

"గా రోజు నీకేం తొందర పడ్డది బిడ్డా?"

"మిక్సీ కోసం అక్కా."

"ఏందీ?"

"ఎక్కువ గొర్లకు ఏస్తే మిక్సీ ఇస్తమన్నరు."

మల్లమ్మ నా దిక్కు తిరిగింది. "ఎవడు పెట్టిండు గా మిక్సీ?"

ఆ ఊర్లో అంతమంది నడుమ నేను చెయ్యి లేపిన, బళ్లె పిల్లగాని లెక్క. "నేనే అక్కా."

"నా గొర్లు పోయినయ్, వీని ఇంట్ల చట్నీ అయింది" అన్నది. పక్కన నిలబడ్డోళ్లల్ల ఒకాయన నవ్వబోయి ఆపుకున్నడు. ఆమె మాత్రం నవ్వలే. కొంగుతో కండ్లు తుడుసుకొని, మల్ల మాట్లాడింది. ఆ మాట నేను ఇప్పటికీ మరువలే.

"సేటూ, మా గొర్లు గుట్టల మీద నాలుగు మందలల్ల కలిసినా ఏది ఎవలదో తెలుస్తది. ఎందుకు? జాజు మన్నుతో ఎర్రగ గుర్తు పెట్టుకుంటం. నా గుర్తు ఉన్న గొర్రె ఎవని పొలంలవడి మేసినా నన్నే తిడ్తరు, నేనే పడాలె. మీ సూదికి ఏం గుర్తున్నది? ఎవడో వస్తడు, పొడుస్తడు, పోతడు. అది బతికిందో సచ్చిందో మల్ల మొఖం చూపియ్యడు. వానికి ఎట్ల తెలుస్తది, పని మంచిగైందా పాడైందా?"

మా బాపు బస్తా మూతి కట్టుడు నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. పప్పు ఉడికిందా అని అడిగింది గిరాకీ కోసం కాదు. అడగకపోతే ఆయనకు తెలిసే దారే లేదు.

ఎనిమిదో రోజు

మల్లమ్మ షరతు పెట్టింది. పొలం కాడి సగం మందకు టీకా సైదులే ఏయాలె. ఇంకెవరూ వద్దు. ఏసిన ప్రతి గొర్రె మీద వాని గుర్తు పెట్టాలె. ఎనిమిదో రోజు, మల్ల పదిహేనో రోజు వాడే వచ్చి చూడాలె.

"వేరేటోణ్ణి పంపిస్త అక్కా, మంచిగ చేసేటోడున్నడు" అన్న నేను. వాని మీదనే నమ్మకం పోయిందని అనుకున్న.

"గీడే గావాలె. గీనికి ఇప్పుడు భయమున్నది" అన్నది.

తెల్లారి సైదులు ఐసు డబ్బాను యాప చెట్టు నీడల పెట్టి, మీద తడి గోనె కప్పిండు. ఒక్క సీస కలిపిండు. అది అయిపోయినంకనే ఇంకొకటి. ఆ ఉరికే చెయ్యి ఎంత నిదానంగ నడిచిందో! సూది తీసినంక గొర్రె ఎడమ చెవి వెనక ఆకుపచ్చ రంగు చుక్క పెట్టిండు. దవాఖాన గేటుకు ఏయగా మిగిలిన రంగు అది. తర్వాత మిగతా దొడ్ల తలుపులు గూడ తెరుసుకున్నయ్.

ఎనిమిదో రోజు ఆదివారం. నేను గుర్తు చేద్దామని ఫోన్ చేస్తే, వాడు అప్పటికే వాగు దాటిండు. "నిలబడ్డయ్ సార్" అన్నడు. ఎనక నుంచి మల్లమ్మ గొంతు: "సల్ల తాగి పో బిడ్డా, నిలబడి మాట్లాడుడేంది!"

పదిహేనో రోజు నేను గూడ పోయిన. పొలం కాడి దొడ్లో ఒక్క గొర్రె పోలే. ఊరి దొడ్లో పోయినవి మాత్రం పోయినయ్. అవి తిరిగి రావు. మల్లమ్మ ఆ సంగతి ఎత్తలే, మేం ఎత్తలే. సైదులు ఒక్కో గొర్రె చెవి వెనక చూసుకుంట తిరిగిండు. మిక్సీ గెలిచిన నాడు వాని ముఖం చూసిన అని రాసిన గదా. ఈ ముఖం వేరే.

మిక్సీని డబ్బాల పెట్టి వాపస్ తెచ్చిండు. "కడిగిన సార్, ఒక్కసారే వాడింది" అన్నడు. అల్లం వాసన ఇంకా వస్తుండె. తీసుకపొమ్మని ఎంత బతిమాలినా ఇనలే. షాపాయన వాపస్ తీసుకోడు, మా ఇంట్ల మిక్సీ ఉన్నది. ఏండ్ల తరబడి అది నా బీరువా మీద కూసోని నన్నే చూసింది.

రాయని ఆర్డర్

తర్వాత మా ఆరుగురూ తలా ఒక రంగు తీసుకున్నరు. పసుపుపచ్చ రంగు కోసం ఇద్దరు కొట్లాడుకున్నరు గూడ. గొర్లోళ్లు రంగులను బట్టి పేర్లు చెప్పుడు మొదలు పెట్టిండ్రు. "నీలిరంగాయన చేసింది మంచిగున్నది, ఎర్రరంగాయనను మాత్రం పంపకుండ్రి" అని అంగట్ల అంటుంటే ఎర్రరంగాయన ఇన్నడు. పని తీరు మార్చుకున్నడు. నేను చెప్తే ఐదేండ్లల్ల మారనోడు.

మురిసిపోయి డాక్టరమ్మతోటి అన్న: "మేడం, ఎనిమిదో రోజు తిరిగి పోవాలని ఒక ఆర్డర్ రాస్తే?"

"రాయను" అన్నది. "రాస్తే అది రిజిస్టర్లో ఒక గడి అయితది. గడి ఉంటే నింపుతరు. మనిషి పోడు."

నేను చూసిన అధికారులల్ల ఆమెకు పెద్దపీట వేస్తె, ఈ ఒక్క మాటకే వేస్త.

అందరూ మారిండ్రని అబద్ధం చెప్ప. ఒకాయన రంగు డబ్బా తీసుకున్నడు గని ఎన్నడూ తిరిగి పోలే. హాయిగ రిటైరయ్యిండు, ఆరోగ్యంగ ఉన్నడు. ఇంకొక మాట: జీతం సక్కగ రానోనికి రంగు డబ్బా చేతిలో పెట్టి ఇదే గౌరవం అంటే, వాడు మిమ్మల్ని తిట్టుకుంటడు, తిట్టుకోవాలె గూడ. ముందు కడుపు సంగతి చూడండి. కడుపు సంగతి అయినంక మనిషికి ఇంకోటి గావాలె. తను చేసింది నిలబడ్డదా లేదా తన కండ్లతో చూసుకోవాలె. చూసే దారి ఉంటే చాలామంది మంచిగనే చేస్తరు. నా లెక్కల తేలింది ఇంతే.

అంగట్ల

మొన్న అంగడికి పోయిన. మా అల్లుడు మామిడి తోటలో నాలుగు గొర్లు పెట్టుకుంటనన్నడు. బేరం చేయనీకి నాకంటె మంచోడు దొరకడని నన్నే పంపిండు.

ఒకాయన దగ్గర మంచి గొర్లు కనపడ్డయ్. పక్క మండలం మనిషి, నన్ను గుర్తుపట్టలే. నేను వంకలు మొదలు పెట్టిన. ఇది ముసలిది, అది కుంటుతాంది. ఆయన చెక్కు చెదరలే.

"తాతా, ధర తగ్గదు. గీ చెవి ఎనక చూడు. ఆకుపచ్చ చుక్క. సైదులు సూది ఏసిన గొర్రె ఇది. దీనికి బేరం ఉండదు."

వంగి చూసిన. చుక్క ఉన్నది, ఆకుపచ్చదే. కాని కుడి చెవి వెనక. సైదులు ఆ చెవి ముట్టడు. పైగా ఆ మండలంలకు వాడు ఎన్నడూ పోలే.

చిన్నప్పటి నుంచి దుకాణాలు చూసిన మనిషిని. దొంగ సరుకు మీద ఎవరూ అగ్గువ దుకాణం పేరు ఏయరు, మంచి దుకాణం పేరే ఏస్తరు. కోపం రావాల్సింది, నాకు నవ్వొచ్చింది.

నా జన్మలో అంత మంచి బేరం చేతికి రాలే. నలుగుర్ల ఒక్క మాట అంటే, సగం ధరకు ఇచ్చి పోతుండె. నేను ఆయనను పక్కకు పిలిచి, నేనెవరో చెప్పి అన్న: "నోరు మూసుకుంట. ధర గూడ నువ్వు చెప్పిందే ఇస్త. నీ ఊరి పేరు చెప్పు, మీ ఊర్ల మందలు ఎన్నో చెప్పు."

ఆయన ముఖం ఎర్రబడ్డది. "ఏం జేయాలె సేటూ, మా దిక్కు ఎవడూ రాడు. గా చుక్క లేకుంటే కొనేటోడు లేడు" అని, ఊరి పేరు చెప్పిండు. బేరం చేయకుండ కొన్ననంటే మా ఇంట్ల ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

అక్కడ్నుంచే సైదులుకు ఫోన్ చేసిన. సంగతంతా చెప్పిన. "నీ గుర్తు దొంగతనం చేసిండ్రురా, ఏం చేద్దామంటవు?"



"ఏ ఊరు సార్?"

"మన మండలం గాదు."

"మండలం సంగతి డాక్టరమ్మను అడుగుత. ఊరు చెప్పుండ్రి సార్, పోయి సూది ఏసొస్త. చుక్క ఎట్లనూ పెట్టుకునే ఉన్నరు గద." ఫోన్ పెట్టబోయి మల్ల అన్నడు: "చెవే తప్పు పెట్టిండ్రు సార్. అది గూడ చెప్పొస్త."